గుమ్మం దాటిన ఓడ

మా తినోస్ దీవిలో తలుపు పైన పాలరాతి చెక్కడం లేనిది ఇల్లే కాదు. నావికుడి ఇంటికైతే ఓడ ఉండి తీరాలి. నేనేమో అలాంటి ఇంటికే ఓడ లేని పలక బిగించి కూర్చున్నాను.

దాని నిండా చిల్లులే. ఒక్కోదాన్నీ ఒక్కో వాలుగా తొలిచాను. పొద్దు పడమటికి వాలాక వాటిలోంచి వచ్చే ఎండ ఇంట్లో నేల మీద ఓడై పరుచుకోవాలి. అదీ నా ఆశ.

"ఇది చెక్కడమా, జల్లెడా?" అన్నాడు స్టమాటిస్ మామయ్య. నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే కాబట్టి నోటికొచ్చిందల్లా అనే హక్కుందనుకుంటాడు. "మీ తాత చూసుంటే సుత్తి విసిరికొట్టేవాడే, ఆర్గిరో."

"తాత చెక్కినలాంటి ఓడలు ఇప్పుడెవరు కొంటున్నారు మామయ్యా? ఒక్కణ్ణి చూపించు!" ఒళ్ళు మండి అన్నాను. పని లేక మా కొట్టు మూతబడేలా ఉంది. ఇదీ వద్దంటే ఏథెన్స్ పోయి వంటగట్లకు రాళ్ళు కోసుకోవడమే నా గతి.

ఇంటావిడ అనెజీనా పెద్దమ్మ. మొగుడు సముద్రం మీదికి వెళ్ళి మళ్ళీ రాలేదు. గుమ్మం మీది పాత ఓడ పగిలిపోతే నాకు కబురు పెట్టింది. ఇప్పుడు చిల్లులు చూసి మొహం మాడ్చుకుంది.

"మా ఆయన ఓడ ఏదే? పీకెయ్యండి దీన్ని!"

"పొద్దు వాలేదాకా ఆగు పెద్దమ్మా, నీకు పుణ్యముంటుంది."

"ఈ కాఫీ అయ్యేదాకా ఆగుతా, అంతే." ఇంట్లో తలుపుకెదురుగా కుర్చీ వేసుకుంది. అన్నదే గానీ, గుక్కకీ గుక్కకీ మధ్య కునుకు తీసింది. జాలిపడిందేమో మహాతల్లి.

గాలి పడిపోయింది. మామయ్య భుజాల మీది తెల్లటి పొడి కూడా కదలడం మానేసింది. నేల మీద ఒక వెలుగు మచ్చ పడింది, పక్కన ఇంకోటి. చూస్తుండగానే అవి కలిసి తెరచాపలయ్యాయి. అంచులు సన్నగా వణుకుతున్నాయి. నాకు ఏడుపొచ్చేసింది.

పొద్దు దిగేకొద్దీ ఓడ లోపలికి జరిగింది. బల్ల దాటింది, పెద్దమ్మ చెప్పుల మీదికెక్కింది. ఆమె కళ్ళు తెరిచింది, కాళ్ళు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మామయ్య ఉలి తీశాడు. "ఏం అనెజీనా, పీకెయ్యమంటావా?"

"నోర్ముయ్యి స్టమాటిస్! ఆ పాత ఓడ ఇన్నేళ్ళూ గుమ్మం మీదే నిలబడిపోయింది. ఒక్కనాడైనా లోపలికొచ్చిందా?"

ఓడ ఆమె ఒళ్ళోకి చేరింది. రెండు చేతులూ దాని కింద పెట్టింది.

"మెల్లగా," అంది దానితో. "ఇల్లు వచ్చేసిందిగా."