చలికాలం ఓబులేసు

నవంబరు దాటి చలి మొదలైందంటే ఓబులేసుకు మాట తగ్గిపోయేది. కువైట్‌కు వచ్చిన కొత్తలో ఇంటి మీద బెంగ అనుకున్నాడు. ఎండాకాలమంతా బాగానే ఉండి, చలి రాగానే ప్రతి ఏడూ అట్లాగే అవుతుంటే ఇది బెంగ కాదని తెలిసింది. బెంగైతే ఏడుపైనా రావాలి. ఇందులో ఏదీ రాదు. మత్తుసూది వేసిన పంటిచిగురులాగా మనసు మొద్దుబారి ఊరుకునేది.

అబ్బాసియాలో ఒక లాండ్రీలో అతనిది ఇస్త్రీ పని. దుకాణం సెల్లార్‌లో. చలికాలంలో చీకటితో దిగితే చీకటి పడినాకే పైకొచ్చేది. ఆ నెలల్లో పొద్దు ఎట్లుంటుందో అతనికి శుక్రవారం తప్ప తెలీదు. ఆ శుక్రవారం కూడా రగ్గు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక ఏడు డిసెంబరులో భార్య రమణి రాయచోటి నుంచి ఫోన్ చేసింది. కూతురికి నర్సింగులో సీటొచ్చిందని చెప్పింది. ఓబులేసు "మంచిది" అన్నాడు. అతను సంతోషం ఎట్లా ఉంటుందో గుర్తు చేసుకోవాలని చూశాడు గానీ అందలేదు. పనుందని పెట్టేశాడు. రమణి భయపడి, అదే గదిలో ఉండే మాబుకు ఫోన్ చేసింది. మాబు వాళ్ల ఊరివాడే. వయసులో పెద్ద, స్కూలు బస్సు డ్రైవరు.

మాబు శుక్రవారం నమాజు కాగానే వచ్చి అతన్ని లేపి, బలవంతంగా అబూ హలీఫాలో సముద్రం దగ్గరికి తీసుకుపోయాడు. ఎండ బాగానే కాస్తోంది. ఇద్దరూ గట్టున కూర్చున్నారు. ఓబులేసే మొదట నోరు తెరిచాడు.

"మాబన్నా, నాకు బాధ కూడా లేదు. దాంతోనే భయమైతాంది. భయమంటాండా గానీ, అది కూడా నిజంగా లేదు."

మాబు మరుసటి వారం అతన్ని క్లినిక్‌కు తీసుకుపోయాడు. చలికాలంలో వెలుతురు చాలక కొంతమందికి ఇట్లా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసి, పగటిపూట బయట తిరగమని, తగ్గకపోతే మళ్లీ రమ్మని పంపింది. ఆ మాత్రలు మాబే రోజూ టీతో పాటు చేతికిచ్చేవాడు. లాండ్రీ చూసుకునే అసిఫ్‌తో మాట్లాడి పని కూడా మార్పించాడు. ఇళ్లకు బట్టలు చేర్చే నౌమాన్ ఆ చలిగాలికి ఓర్వలేకుండా ఉన్నాడు. సంతోషంగా ఇస్త్రీబల్ల దగ్గరికి దిగాడు.

ఓబులేసు మూటలు మోస్తూ వీధులు తిరిగాడు. ఎండ వీపు మీద పడితే వేరేవాళ్ల వీపు మీద పడినట్టే ఉండేది. అట్లా చాలా రోజులే గడిచాయి. ఒక మధ్యాహ్నం, వాన వెలిసినాక, ఒక కారు గుంటలోని బురదనీళ్లన్నీ అతని చేతిలోని ఉతికిన పొడుగు దిష్‌దాషా అంగీల మీద చిమ్మి పోయింది. ఓబులేసు దాని వెనకాల పరుగెత్తి, కడప మాటల్లో నోటికొచ్చినట్టు తిట్టాడు.

సాయంత్రం గదిలో ఆ సంగతి చెబితే మాబు అన్నం వడ్డిస్తూ ఆగాడు.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"సరే, తిను."

ఆ తర్వాత ఒక్కసారిగా అన్నీ బాగైపోలేదు. కోపం తర్వాత ఎప్పుడో ఆకలి తెలిసింది. ఫిబ్రవరి చివర్లో ఒకరాత్రి, కూతురు ఇంట్లో లేదని, హాస్టలుకు పోయిందని తలుచుకుని దుఃఖం వచ్చింది.

ఎండాకాలం మళ్లీ ఇస్త్రీ పనికే దిగినా, మరుసటి ఏడు చలి ముదరకముందే అతనే అసిఫ్‌ను అడిగి బయటి పనికి మారాడు. రమణికి కూడా అతనే ఫోన్ చేశాడు.

"ఈ చలికాలం నేను మాట తక్కువైతే ఏమీ అనుకోవద్దు. నువ్వు మాత్రం చెప్తా ఉండు. వింటా ఉంటా."

ఆ ఏడు కూడా ఆ మొద్దుతనం వచ్చింది. రమణి రోజూ ఇంటి సంగతులన్నీ చెప్పేది. అతను ఎండలో ఏదో ఒక మెట్టు మీద కూర్చుని, ఊ కొడుతూ, అన్నీ వినేవాడు.