పొరలక్క పిలుపు

పొద్దున ఎనిమిదింటికి షెడ్డు తలుపు తీయగానే పొరలక్క చేతికి తొడుగులు వేసుకుని బల్ల ముందు కూర్చునేది. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించి కాలం తీరిన ఫ్యూయల్ సెల్ పెట్టెలూ, నీళ్ళలోంచి హైడ్రోజన్ తీసి తీసి అలిసిపోయిన ఎలక్ట్రోలైజర్లూ లారీల్లో వచ్చేవి. మగవాళ్ళు బోల్టులు ఊడదీసి పలకలు విడదీస్తే, వాటి మధ్యనున్న పల్చటి పొరల్ని ఆమె చిరగకుండా ఒలిచి వేడి ద్రావణంలో నానబెట్టేది. పొరకంటిన నల్లటి పూత ఊడి తొట్టి అడుగుకు దిగేది. చూడ్డానికి మసే, కానీ అందులో ఎంతో ఖరీదైన ప్లాటినం, ఇరిడియం ఉంటాయి.

ఇంకోచోటైతే ఆ పొడిని వడగట్టడానికి యంత్రాలుంటాయి. ఇక్కడ పొరలక్క తొట్టి మీదికి వంగి, "రండమ్మా" అనేది. పొడి చీమలబారులా తొట్టి గోడెక్కి వచ్చి ఆమె చేతిలోని సీసాలో దూరేది.

"మా ఆవిడ పిలిస్తే మా పిల్లలు కూడా ఇంత బుద్ధిగా రారక్కా," అనేవాడు బోల్టులు విప్పే మనిషి. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆమె భర్త కూడా అక్కడే ద్రావణాలు కలిపేవాడు. రెండేళ్ళ కిందట సీసాల్లో ఇరిడియం తగ్గిందని తేలితే, మేనేజరు అతని మీద వేలు చూపించాడు. అందరి ముందూ బట్టలు విప్పించి వెతికించాడు. ఏమీ దొరకలేదు.

"మింగేసుంటాడు," అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు.

ఆ నవ్వు తర్వాత ఆమె భర్త గడప దాటలేదు. ముద్ద గొంతు దిగడం మానేసింది. ఏడాది తిరక్కుండానే పోయాడు. పదకొండో రోజో పన్నెండో రోజో పొరలక్క మళ్ళీ పనిలోకొచ్చి కూర్చుంటే, రాతిగుండె అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం తొట్టి నిండుగా ఉందని ఆమె కాస్త గట్టిగా పిలిచింది. వెనక అద్దాల గదిలో, మేనేజరు బల్లమీది టిఫిన్ డబ్బా మూత సందులోంచి సన్నటి నల్లగీత ఒకటి దిగింది. తలుపు కిందనుంచి పాక్కుంటూ ఆమె చెప్పు దాకా వచ్చింది. మేనేజరు అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

ఆమె అరవబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా వంగి, "ఇప్పుడు కాదు, వెళ్ళండి," అంది. పొడి తిరిగి డబ్బాలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు మొదలు, సాయంత్రాలు మేనేజరు డబ్బా ఊపుకుంటూ బయల్దేరితే, "జాగ్రత్తగా వెళ్ళిరండి సార్," అని నవ్వుతూ సాగనంపేది. అలా ఎనిమిది నెలలు.

యజమాని, లోహం కొనేవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన రోజున ఆమె తొడుగులు తీసేసి, రోడ్డు మీదికెళ్ళి గొంతెత్తి పిలిచింది. మూడు వీధుల అవతల, మేనేజరు ఇంటి తలుపు కిందనుంచి నల్లటి పాయ బయల్దేరింది. కూడలిలో బస్సు ఆగి దానికి దారిచ్చింది. యజమాని ఆ పాయ వెంబడే ఎదురు నడిచి, ఆ ఇంట్లో మంచం కింద వరసగా ఉన్న సీసాలు చూశాడు.

"ఇంత సరుకా! పదేళ్ళ జైలుకి తక్కువ పడదు," అన్నాడు యజమాని పిలిపించిన పోలీసు.

జీపెక్కుతూ మేనేజరు పొరలక్క వైపు తిరిగాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఎనిమిది నెలలైంది సార్."

"అప్పుడే చెప్పుంటే? అప్పటికి పాతదంతా అమ్మేశాను, చిటికెడే కదా నా దగ్గరున్నది! ఉద్యోగం పోయేది, అంతేగా!"

"అవును సార్," అంది పొరలక్క. "అందుకే చెప్పలేదు."