చాలు అన్న మాట

నర్సు భానుప్రియకు గర్వం ఎక్కువని ప్రసూతి వార్డులో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు, ఎక్కువే. ఈ ఛత్తీస్‌గఢ్ రైల్వే ఊళ్ళో, తార్‌బహార్ సందుల్లో గోల చేసే పిల్లల్ని చూపించి, "వీళ్ళలో సగం మందిని అందరికన్నా ముందు పట్టుకున్నది నేనే" అనగలిగిన మనిషికి ఆ మాత్రం గర్వం లేకపోతేనే వింత. చెయ్యి తేలిక, కంటికి కునుకు లేదు, గొంతు మాత్రం ప్లాట్‌ఫారం మీద ప్రకటన చదివినట్టు ఉంటుంది.

ఆస్పత్రిలో కొత్తగా ఒక కాన్పు గది తెరవబోతున్నారు. అందులో మామూలు కాన్పులన్నీ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లే సొంతంగా చూసుకుంటారు, చిక్కొస్తేనే డాక్టర్ని పిలుస్తారు. ఆ గదికి ఇన్‌ఛార్జి కావాలంటే ఏడాదిన్నర శిక్షణ పూర్తి చేసి, చివరి పరీక్ష నెగ్గాలి. శిక్షణ మాట చెవిన పడ్డ రోజే భానుప్రియ ఆ గది తనదని నిశ్చయించేసుకుంది. తర్వాత చదివింది కూడా, కాదనలేం. పిల్లల్ని పడుకోబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ కాలేజీ అమ్మాయిలా బట్టీ పట్టింది.

శిక్షణ ఇచ్చే సౌమ్య హైదరాబాదు మనిషి. భర్తకు ఇక్కడి బ్యాంకులో ఉద్యోగం కావడంతో ఉస్లాపూర్‌లో కాపురం. మెల్లగా మాట్లాడుతుంది, కానీ ఏదీ వదిలిపెట్టదు. పరీక్షకు ముందు ఆమె ఒక నాటకం ఆడించేది. ఒక నర్సు బొమ్మ పొత్తికడుపు నడుముకు కట్టుకుని తల్లిగా నటించాలి. లోపలున్న రబ్బరు బిడ్డను తన చేతులతోనే తోస్తుండాలి. మరొకరు కాన్పు చెయ్యాలి.

ఆ రోజు తల్లి వేషం రాజశ్రీది. గతౌరా నుంచి రోజూ రైల్లో వచ్చే ఛత్తీస్‌గఢీ పిల్ల, నటనలో గట్టి మనిషి. భానుప్రియ అన్నీ పద్ధతిగా చేసింది. పలకరించింది, ఎలా పడుకుంటే హాయిగా ఉందో అడిగింది, నడుము నిమిరింది. చివరికి తల కనబడే ఘట్టం వచ్చింది. అక్కడే ఉంది అసలు పని. తల్లి ఆ క్షణంలో ముక్కడం ఆపి, చిన్న చిన్న ఊపిర్లు వదలాలి. అప్పుడు తల నెమ్మదిగా జారుతుంది, కింద చర్మం చిరగదు.

"చాలు, చాలు, చాలు" అంది భానుప్రియ.

రాజశ్రీ పళ్ళు బిగించి ఇంకా గట్టిగా ముక్కింది. రబ్బరు బిడ్డ దబ్బున వచ్చి భానుప్రియ ఒళ్ళో పడింది.

"రుక్నే కో బోలా థా నా" అని, ఆపమన్నా ఆపనందుకు భానుప్రియ మండిపడింది.

"కబ్ బోలా దీదీ? ఆప్ తో చాలూ చాలూ బోల్ రహీ థీ" అంది రాజశ్రీ, ఆపమన్నది ఎప్పుడో, తన తప్పేమిటో తెలియక.

గదిలో రెండు భాషలూ సరిగ్గా చెవికెక్కినది సౌమ్యకే. తెలుగులో చాలు అంటే ఇక ఆపమని. హిందీలో చాలూ అంటే ఆపకుండా సాగించమని. భానుప్రియ వాళ్ళది రైల్వే పనికి వలసొచ్చిన తెలుగు కుటుంబమైనా ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే, హిందీలో కలలు కంటుంది, షాపువాడితో హిందీలో పోట్లాడుతుంది. కానీ చేతులు పనిలో మునిగినప్పుడు మాత్రం నోరు ఆమెను అడగకుండానే తెలుగులోకి పోతుంది.

"వార్డులో కూడా ఇలాగే అంటారా భానుప్రియ గారూ?" అని సౌమ్య అడిగింది.

భానుప్రియకు నిజంగా తెలియదు. రాజశ్రీకి తెలుసు, ఎప్పుడూ అంతేనని; అది అక్క హుషారనుకున్నారట. "హమేషా. హమ్ సోచే, దీదీ కా జోష్ హై."

అందరూ నవ్వారు. భానుప్రియ నవ్వలేదు. ఆఖరి నిమిషంలో ఈ ఆడవాళ్ళు మాట వినరేమిటా అని తను ఎన్నిసార్లు విసుక్కుందో ఆమెకు గుర్తొచ్చింది. వాళ్ళు వినకపోవడమేమిటి, అక్షరాలా విన్నారు.

"మళ్ళీ చెయ్యాలి" అంది సౌమ్య. "ఈసారి బొమ్మతో కాదు, నిజం కాన్పు. అందులోనూ ఈ మాట వస్తే నేను పాస్ చెయ్యలేను. గదికి బయటినుంచి ఇంకొకర్ని తెచ్చుకుంటారు. మీకు చెప్పకపోవడం తప్పవుతుంది."

ఇంటికి వెళ్ళేసరికి తల్లి అప్పలనర్సమ్మ గుమ్మంలో మెంతికూర వలుస్తోంది. ఆవిడ ప్రసూతి వార్డులో ఆయాగా చేసి రిటైరైన మనిషి.

"ఏటే గుంటా, మొకం అలగున్నాది?"

భానుప్రియ చెప్పింది. తల్లి బాధపడుతుందేమో అనుకుంది. అప్పలనర్సమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఓలమ్మ, ఆ మాట నాదేనే. నా డూటీ రోజుల్లో సగం మంచాలు మనోలవే కదా. ఇజీనారపోలు, సీపురుపల్లోలు. సాలు తల్లీ అంటే టక్కున ఆపీసీవోరు. పాపం ఈ పిల్లలకి ఏటి తెలుస్తాది?"

భానుప్రియకు ఆ రోజులు తెలుసు. బడి నుంచి వచ్చి తల్లికి క్యారేజీ తీసుకెళ్ళేది. పరదా బయట నిలబడితే లోపలినుంచి తల్లి గొంతు వినబడేది, "చాలు, చాలు తల్లీ" అని. ఆ వెంటనే బిడ్డ ఏడుపు. ఆ మాటకే బిడ్డ పుడుతుందని చిన్నప్పుడు నమ్మింది. నర్సు కావాలనుకున్నది ఆ పరదా దగ్గరే.

"అది మానీడం నావల్ల కాదమ్మా" అంది.

"ఎందుకవదు? మీ మేడమ్ బదులు మాట ఏటి సెప్పినాది?"

"ఫూంకో అనమంది. వేడి చాయ్ ఊదుకున్నట్టు ఊదమని."

"అచ్ఛా. అయితే రా" అని అప్పలనర్సమ్మ నులకమంచం ఎక్కి పడుకుంది. పడుకుని నొప్పులు మొదలెట్టింది. ఎన్ని నొప్పులు విన్న చెవులో, ఒక్కటీ తేడా రాలేదు. భానుప్రియ నోట చాలు వచ్చినప్పుడల్లా ఇంకా పెద్దగా ముక్కి, విసనకర్రతో ఒకటి వేసేది. ప్రహరీ అవతల నుంచి రిటైర్డ్ గార్డు రమణమూర్తి తల పెట్టి, "ఏటైనాది అప్పలనర్సమ్మా, అంబులెన్సు పిలవమంటావా?" అన్నాడు. "నీకు మనవడు పుడతన్నాడు, పో" అందావిడ. ఆ వారమంతా సాయంత్రాలు ఆ ఇంట్లో కాన్పులే.

పరీక్షకు వచ్చిన తల్లి పేరు కుంతి. తొలిచూలు పిల్ల, భయంతో భానుప్రియ మణికట్టు వదల్లేదు. సౌమ్య చేతులు కట్టుకుని మూల నిలబడింది. రాజశ్రీ పక్కన సాయం ఉంది. కుంతి పక్కకు తిరిగి పడుకుంటానంటే భానుప్రియ సరేనంది. గంటలు గడిచాయి. తల కనబడింది. భానుప్రియ చేతులు పనిలో మునిగాయి, సరిగ్గా అప్పుడే పాత మాట పళ్ళదాకా వచ్చేసింది.

"చా..."

మూలన సౌమ్య కదిలింది. కుంతి కళ్ళు తెరిచి చూసింది. అన్నది అననట్టు చెయ్యలేం కదా.

"చాయ్" అంది భానుప్రియ. "చాయ్ బహుత్ గరమ్ హై బేటీ. ఫూంకో. ఫూంకో."

కుంతి ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ నొప్పిలోనే పెదాలు గుండ్రంగా చుట్టి ఊదింది. మళ్ళీ ఊదింది. తల తొందరేమీ లేనట్టు మెల్లగా జారి, భానుప్రియ అరచేతిలోకి వచ్చింది. ఆడపిల్ల. తల్లి గుండెల మీద పెట్టగానే వార్డు ఎగిరిపోయేలా ఏడ్చింది.

సౌమ్య వచ్చి దీపం దగ్గరగా పెట్టి చూసింది. చర్మం ఎక్కడా చిరగలేదు. కుట్టు వెయ్యక్కర్లేదు. ఆమె మాస్కు దించి తెలుగులో అంది, "చాలు భానుప్రియ గారూ."

"అబ్ క్యా చాలూ, దీదీ?" అని, ఇంకా ఏం సాగించాలో తెలియక రాజశ్రీ కంగారుపడింది.

ఇక సాగాల్సింది ఈవిడ గదేనంటూ సౌమ్య నవ్వింది. "ఇన్‌కా కమరా."

భానుప్రియ గర్వం ఆ రోజు నుంచి ఇంకా పెరిగింది, దాన్నెవరూ తప్పు పట్టలేదు. ఇప్పుడు ఆ గదిలో నేర్చుకునే నర్సులంతా చాయ్ గరమ్ హై అనే అంటున్నారు.

గది తెరిచిన కొత్తలో ఒక మధ్యాహ్నం అప్పలనర్సమ్మ కూతురికి క్యారేజీ తెచ్చింది. లోపల కాన్పు జరుగుతోంది. బల్ల మీద కూర్చోమని ఎవరో చెప్పారు. పరదా వెనక భానుప్రియ, "చాయ్ గరమ్ హై, ఫూంకో" అంటూ చెయ్యి అడ్డం పెట్టి బిడ్డ తల పట్టుకుంది. అప్పుడే బయటినుంచి ఒక ముసలి గొంతు, తనలో తను అనుకుంటున్నట్టు, చాలా నెమ్మదిగా వినబడింది.

"సాలు, సాలు తల్లీ."

వెంటనే బిడ్డ ఏడ్చింది.

బొడ్డు కోస్తున్న భానుప్రియకు కళ్ళు మసకేశాయి. బయట అప్పలనర్సమ్మ లోపలి గొంతు ఎవరిదో పక్కనున్న ఆవిడకు చెబుతోంది, వార్డంతా వినేలాగే చెబుతోంది.

"అందర్ జో బోల్ రహీ హై న, వో మేరీ బేటీ హై."