హంస నడకకు అనుమతి

నేను ఒక హంసను. గుడ్డు పగలగొట్టుకుని రాలేదు. వెంకటగిరిలో చీరల అంచులకు డిజైన్లు వేసే వరదయ్య, గళ్ళ కాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఒక్కో గడీ నింపి నన్ను గీశాడు. ఇంటర్నెట్ షాపు నడిపే హేమలత ఆ గళ్ళనే కంప్యూటర్లో చుక్కలుగా పేర్చి, కాళ్ళు కదిలించి, నడిచే జిఫ్ బొమ్మను చేసింది. చేనేత సొసైటీ వెబ్‌సైటులో అటూ ఇటూ తిరిగేదాన్ని. వరదయ్య మగ్గం ఎక్కే ముందు రోజూ షాపుకొచ్చి చూసిపోయేవాడు. నలభై ఏళ్ళలో ఆయన గీసిన హంసల్లో నడిచింది నేనొక్కదాన్నే మరి.

అంతలో సొసైటీకి ఒక విదేశీ కంపెనీ ఉత్తరం వచ్చింది. జిఫ్ బొమ్మల్ని చిన్నగా కుదించే పద్ధతి మీద పేటెంటు తమదట. లైసెన్సు లేకుండా చేసిన బొమ్మలకు రాయల్టీ కట్టాలట. సొసైటీ సెక్రటరీ హడలిపోయి నన్ను వెబ్‌సైటులోంచి తీయించేశాడు.

"వేరే రకం ఫైలుండాది మామా, దానికి ఎవురికీ ఏం కట్టాల్సిన పన్లా. కాకపోతే హంస నడవదు," అంది హేమలత వరదయ్యతో.

"నిలబడేదానికైతే చీర మీద నిలబడే ఉండాది గదమ్మణ్ణీ!" అన్నాడాయన.

అయినా వరదయ్యకు కంపెనీ మీద కోపం రాలేదు. తమ నేత వీధిలో ఒకరి అంచు ఇంకొకరు నేయాలంటే తాంబూలం, రవికె గుడ్డ పట్టుకెళ్ళి అడుగుతారు. పుచ్చుకున్నారా, ఇక ఆ అంచు ఇద్దరిదీ. ఆయన నన్నే రవికె గుడ్డ మీద నేశాడు. ఆకులు దారిలో వాడిపోతాయని వక్కలు మాత్రం కలిపి, ఉత్తరంలో ఉన్న చిరునామాకు పోస్టు చేశాడు. నన్ను ఏ ప్రోగ్రాంతో చేసిందీ చెప్పి, నడవనివ్వమని అడుగుతూ హేమలత ఇంగ్లీషులో రాసి జతచేసింది.

"ఒప్పుకుంటారంటావా?" అని ఆయన రోజూ అడగడం, "చూద్దాం మామా" అని ఆమె రోజూ అనడం.

రెండు నెలలకు జవాబొచ్చింది. హేమలత గట్టిగా చదివింది. ఆ ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళు ముందే లైసెన్సు తీసుకున్నారు కాబట్టి మా హంస నిశ్చింతగా నడవొచ్చట. గుడ్డను ఆఫీసు గోడకు తగిలించారట. కింద ఇంకో ముక్క: 'మీరు పంపిన విత్తనాలు కుండీలో నాటాం. ఇంకా మొలకెత్తలేదు. ఎన్నాళ్ళు నీళ్ళు పోయాలి?'

వరదయ్య కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఉడకేసి ఎండబెట్టిన వక్కలమ్మణ్ణీ! ఎన్నేళ్ళు పోసినా అంతే!"

"రాసేదా మామా?"

"వద్దులే, పాపం. ఆశగా ఉండారు."

హేమలత నవ్వుతూనే నన్ను మళ్ళీ ఎక్కించింది. ఆ పేటెంటు గడువు తీరి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. నేను నడుస్తూనే ఉన్నాను. వాళ్ళు కుండీకి నీళ్ళు పోయడం మానారో లేదో మాత్రం తెలియదు.