బొట్టు లేని హెడ్‌లైటు

నేను ఒక హెడ్‌లైటుని. ఆ మాట వినగానే మీరు బండి గురించి అడుగుతారు, ఎన్నేళ్ళది, మైలేజీ ఎంత అని. నా సంగతి ఎవరికీ పట్టదు. పట్టకపోతే మానె, నేనే చెప్పుకుంటాను. చూపున్నదాన్ని నేను. ఇంజనుకేం తెలుసు, రొద పెట్టడం తప్ప!

నాకు ఒక్కటే లోటు. ఎదురుగా ఉన్నదే నాకు కనబడుతుంది. నన్ను నడిపే మనిషి నా వెనక కూర్చుంటుంది కాబట్టి ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో హ్యాండిలు పట్టును బట్టి పోల్చుకోవలసిందే. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ కథంతా దీని మీదే నడిచింది.

నేను పుట్టింది దూరాన ఒక ఫ్యాక్టరీలో. కాగే గాజు ముద్దను అచ్చులో నొక్కి, లోపల వెండి పూత పూసి, పరీక్ష కోసం ఒక్కసారి వెలిగించారు. అబ్బ, ఆ వెలుగు! ఒళ్ళంతా నిండి పొర్లిపోయింది. ఆ తర్వాత నన్ను గోదావరి కాలవల మీద తిరిగే ఒక జీపుకి ఎడమ కన్నుగా బిగించారు. గట్టు వెంట వెళ్తుంటే నీళ్ళలో ఇంకో జీపు తలకిందులుగా మాతోపాటు వచ్చేది. అది నిజమో, మేం నిజమో చాలాకాలం నేను తేల్చుకోలేకపోయాను.

ఆ రోజుల్లోనే నాకు బొట్టు పెట్టారు. ఎదుటివాళ్ళ కళ్ళలో వెలుగు కొట్టకుండా గాజు నడుమ గుండ్రంగా నల్ల పెయింటు వేసేవారు. డ్రైవర్లు దాన్ని బొట్టు అనేవారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! పెళ్ళికి బయలుదేరిన పేరంటాలిలా మురిసిపోతూ తిరిగాను.

జీపు ముసలిదైంది. వేలంపాటలో పోయింది. నేను ఒక తుక్కు కొట్లో ఆరేళ్ళు బోర్లా పడి ఉన్నాను. నేల తప్ప ఏమీ కనబడేది కాదు. అక్కడే కలలు కనడం నేర్చుకున్నాను. కాలవలు, కొంగలు, పొగమంచులో కరిగిపోయే కొబ్బరి చెట్లు. నిజంగా చూసినవి ఎన్నో, కల్పించుకున్నవి ఎన్నో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ఒకరోజు నూకరాజు అనే వెల్డరు వచ్చి నన్ను వెల్లకిలా తిప్పాడు. అంత ఆకాశం ఒక్కసారి మీద పడేసరికి తెల్లబోయాను. నూకరాజు తన భార్య మంగతాయారు కోసం బండి తయారుచేస్తున్నాడు. ఆవిడకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. మూడు ఊళ్ళకి ఉత్తరాలు పంచే ఉద్యోగం ఆవిడది. నూకరాజు ఒక పాత మోటారుసైకిలు కొని, వెనక చక్రానికి చెరో పక్కా ఒక చిన్న చక్రం తగిలించాడు. గేర్లు, బ్రేకులు అన్నీ చేతికి అందేలా మార్చాడు. ముందు నన్ను బిగించి, బ్లేడు పెట్టి నా బొట్టు గీకేశాడు.

"మా తాయారుకి దారంతా కనబడాలి. మధ్యలో ఈ మచ్చెందుకూ!" అన్నాడు.

బొట్టు పోయినందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, అంత ప్రేమగా గీకుతుంటే ఎవరు కాదనగలరు?

పదకొండేళ్ళు అలా గడిచాయి. చలికాలం పొద్దున్నే మేం బయలుదేరేసరికి పొలాల మీద మంచు పాలలా పరుచుకుని ఉండేది. నేను వెలిగితే అది పక్కకి జరిగి దారిచ్చి, మేం వెళ్ళగానే మళ్ళీ మూసుకునేది. మంచులోంచి ఒక గేదె, ఒక సైకిలు, చెయ్యెత్తి పిలిచే ఒక మనిషి. వెనక తాయారు సన్నగా కూనిరాగం తీసేది. నా బతుకులో అవే మంచి రోజులు.

పోయిన కార్తీకంలో నూకరాజు షెడ్డులో పని చేస్తూనే గుండె ఆగి పోయాడు. పదో రోజున నేను వాకిట్లోనే ఉన్నాను కాబట్టి చూడక తప్పలేదు. అత్తగారు అచ్చియ్యమ్మ తడిగుడ్డతో కోడలి బొట్టు తుడిచింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఆవిడ బొట్టు ఇంకెవరో తుడిచారు. ఆ తర్వాత నుంచి మేం ఊళ్ళోకి వెళ్తుంటే గుమ్మాల్లో మనుషులు చటుక్కున లోపలికి తప్పుకునేవారు. ఉత్తరం కావాలి, అది తెచ్చే మనిషి మాత్రం ఎదురు రాకూడదు! వెనక తాయారు కూనిరాగం ఆగిపోయింది.

అంతలో బండికి పదిహేనేళ్ళు నిండాయి. మళ్ళీ బ్రేకు ఇన్‌స్పెక్టరు గారికి చూపించి పాస్ చేయించుకోవాలి. పాస్ కాకపోతే బండి రోడ్డెక్కకూడదు. బండి లేకపోతే ఉద్యోగం లేదు, ఆ మాటకొస్తే తాయారుకి గడప దాటడమే లేదు. "ఇది బండి కాదండీ, నా కాలు" అని ఆవిడ ఆఫీసులో ఎవరితోనో అంటుంటే విన్నాను. నాకు భయమేసింది. మార్పులు చేసిన బండ్లంటే ఇన్‌స్పెక్టర్లు గుచ్చి గుచ్చి చూస్తారట.

ఆ ఇన్‌స్పెక్టరు కడప వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినాయన, గంగిరెడ్డి గారు. చుట్టూ తిరిగి చూశాడు. కుడి ఇండికేటరు వెయ్యమన్నాడు, ఎడమది వెయ్యమన్నాడు. పక్క చక్రాల మీది ఎర్ర లైట్లు, బ్రేకు లైటు, నా డిమ్ము, నా బ్రైటు. నూకరాజు కట్టిన వైర్లు ఒక్కటి కూడా తడబడలేదు. మనిషి పోయి ఏడాదవుతోంది, అతని చేతిపని మాత్రం అడిగినప్పుడల్లా పలుకుతోంది. నాకు గర్వంగానూ ఉంది, దుఃఖంగానూ ఉంది.

"ఎవురు కట్టినారు మా ఈ వైరింగు? శానా బాగుంది" అంటూ ఆయన నా ముందు వంగాడు. ముక్కు నా గాజుకి తగిలేంత దగ్గరగా వచ్చి చూశాడు. "బొట్టు యాడ మా? బొట్టు లేకుండా వస్తే నేనెట్ల పాస్ జేసేది? పో, పెట్టుకోని సోమారం రా."

అనేసి, తలెత్తకుండానే పక్కనున్న లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన చూసింది నన్ను. అడిగింది నా బొట్టు. కానీ వెనక కూర్చున్న తాయారుకి అది ఎలా తెలుస్తుంది? హ్యాండిలు మీద ఆవిడ చేతులు ఒక్కసారి చల్లబడిపోయాయి. 'నన్నమ్మా నన్ను!' అని అరవాలనిపించింది. అరవడానికి నేనేమన్నా హారన్నా?

ఇంటికొచ్చి తాయారు అరుగు మీద కూలబడింది. అచ్చియ్యమ్మ మంచినీళ్ళ చెంబుతో వచ్చింది.

"ఏటయ్యిందే? పాస్ చెయ్యలేదా?"

"బొట్టు పెట్టుకుని రమ్మన్నాడు అత్తయ్యా."

"ఎవర్ని?"

"నన్నే. ఇంకెవర్ని, బండినంటాడా? బొట్టు లేకుండా వస్తే పాస్ చెయ్యనన్నాడు. అందరిముందూ."

అచ్చియ్యమ్మ మండిపడుతుందనుకున్నాను. ఆవిడ చెంబు అరుగు మీద పెట్టింది. తర్వాత మెల్లిగా, "గవర్నమెంటోడి మాట కాదంటే ఎలాగే? ఆర్డరు ఆర్డరేగా. ఊళ్ళోవాళ్ళు అడిగితే అదే చెప్తాను" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం నాకు ఎదురుగానే ఉంది. బాధపడుతున్న మనిషి మొహం కాదది. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న సాకు దొరికిన మనిషి మొహం.

సోమవారం పొద్దున్నే ఆవిడ కుంకుమ భరిణె తెచ్చింది. ఆవిడ పెట్టిన బొట్టు కొంచెం వంకరగా వచ్చింది. తాయారు కళ్ళు మూసుకుని పెట్టించుకుంది. మిగిలిన కుంకుమ వేలితోనే నా గాజు నడుమ కూడా అద్ది, "దీనికీ ఉండనీ, ఆడు కట్టిన బండి" అంది అచ్చియ్యమ్మ.

గంగిరెడ్డి గారు నా ముందు వంగి చూసి బిత్తరపోయాడు.

"ఇదేంది మా, కుంకం పెట్టినారు?"

"మీరేకదండీ బొట్టు పెట్టుకు రమ్మన్నారు!" వెనక నుంచి తాయారు గొంతు ఖంగుమంది. "నేనూ పెట్టుకున్నాను, దీనికీ పెట్టాం. మొగుడు పోయినదాన్నండి నేను. నా మొహం చూసి బండి పాస్ చేస్తారా, లైట్లు చూసి చేస్తారా, అది చెప్పండి ముందు!"

అప్పుడు తలెత్తాడు ఆయన. నన్ను దాటి, మొదటిసారి ఆవిడకేసి చూశాడు. మొహంలో రంగు మారిపోవడం నేను కళ్ళారా చూశాను.

"అయ్యో తల్లీ, నేనడిగింది లైటుకు. నల్లబొట్టు, పెయింటు బొట్టు. నీ మొగం నేను సూడనే లేదు." రెండు చేతులూ జోడించాడు. "ఎంత మాటన్న! తప్పైపాయ మా, నన్ను క్షమించు."

ఎవరికీ చెప్పకుండా తానే వెళ్ళి, లారీవాళ్ళ దగ్గర నల్ల పెయింటు డబ్బా, కుంచె అడిగి తెచ్చాడు. జేబురుమాలుతో నా కుంకుమ తుడిచి, ఊపిరి బిగబట్టి గుండ్రంగా నల్లబొట్టు పెట్టాడు. కాగితం మీద సంతకం చేసి రెండు చేతులతో అందించాడు. వెనక హ్యాండిలు గజగజ ఊగింది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. కాలవ గట్టు దాకా నవ్వుతూనే ఉంది. ఆ తర్వాత ఏడ్చింది.

ఇంటి దగ్గర అచ్చియ్యమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. తాయారు జరిగిందంతా చెప్పింది. ముసలావిడ నా నల్లబొట్టుకేసి నోరు తెరుచుకుని చూసింది.

"అయితే ఆడు నీకు చెప్పలేదా?"

"లేదత్తయ్యా."

"ఆర్డరేం లేదన్నమాట."

"లేదు."

తాయారు నా ముందుకు వచ్చి అరుగు మీద కూర్చుంది. నుదుట ఆ వంకర బొట్టు అలాగే ఉంది. "మీరే పెట్టారు. తీసెయ్యాలంటే మీరే తీసెయ్యండి. నా చేత్తో నేను తుడుచుకోను" అని మొహం పైకెత్తింది.

అచ్చియ్యమ్మ చెంబులో కొంగు తడిపింది. కోడలి గడ్డం పట్టుకుంది. తడి కొంగు నుదుటి దాకా వెళ్ళి ఆగిపోయింది. నాకు దీపం ఉన్నచోట ఏదో మండింది.

"నా వల్ల కాదే" అంది ముసలావిడ. "ఒకసారి తుడిచాను. ఏడాదైంది, ఆ గుడ్డ నా చేతిలోంచి పోవట్లేదు." ఆ కొంగుతోనే కోడలి చెంపలు తుడిచింది, తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.

"మరి ఊళ్ళో అడిగితే ఏం చెప్పమంటారు?"

"ఆర్డరనే చెప్పు."

"ఎవరి ఆర్డరంటే?"

అచ్చియ్యమ్మ చెంబులో మిగిలిన నీళ్ళు వాకిట్లో పారబోసింది.

"నాదని చెప్పు."