పేరు, వయసు

కొండ మీద ఆ పేటకి చాటింపు వేసేది లియానా. పొద్దున్నే నల్ల టీ తాగి, మెట్లెక్కి, కుర్రాళ్ళ సంఘం గదిలో మైకు ముందు కూర్చుంటాడు. ఇవాళ నీళ్ళు ఏ వరసకి వస్తాయో, బియ్యం ఎప్పుడిస్తారో, ఎవరి పంది తప్పిపోయిందో చెబుతాడు. ఎవరన్నా పోతే అదీ ఆయనే చెప్పాలి. అది వినగానే పేటలోని కుర్రకారు పారలు భుజాన వేసుకుని గొయ్యి తవ్వడానికి బయల్దేరతారు. వాళ్ళని వేరే పిలవాల్సిన పని లేదు.

ఆ మైకుకో గుణం ఉంది. దానికి అబద్ధం పడదు. నోటితో ఏమన్నా, స్తంభం మీది బూరలోంచి కడుపులో ఉన్న మాటే బయటికొస్తుంది, అదీ లియానా గొంతుతోనే. ఓసారి పేట పెద్ద రాచకార్యం మీద ఐజాల్ పట్నం వెళ్ళాడని చెప్పబోతే, పళ్ళు కట్టించుకోడానికి వెళ్ళాడని చెప్పేసింది. జనం నవ్వి ఊరుకున్నారు. పాత ఇంటికి చూరు కారినట్టు ఈ మైకుకిదో జబ్బు, అంతే.

అందుకని చావు కబురులో లియానా పోయినవాళ్ళ పేరు, వయసు చెప్పి ఆపేస్తాడు. "రుఆలా, వయసు పద్దెనిమిది." "కిమీ, వయసు పదిహేడు." ఈ ఏడాది అలాంటి పిల్లలు నలుగురు. దేనితో పోయారో ఆయన చెప్పడు, ఎవరూ అడగరు. సూది అన్న మాట ఆ పేటలో ఇంతవరకు ఎవరూ పైకి అనలేదు.

ఇప్పుడది ఆయనింట్లోనే ఉంది. కూతురు మావీకి పదహారేళ్ళు. నిరుడు తల్లి పోయాక పిల్లకి నిద్ర పట్టేది కాదు. స్నేహితురాలు మాత్ర ఇచ్చింది. మాత్ర పనిచెయ్యడం మానేశాక మత్తు సూది ఇచ్చింది. తల్లి నేసిన ఎర్ర పువాన్ బట్ట పెట్టెలో కనబడనప్పుడే లియానాకి అనుమానం వచ్చింది. ఎండలో కూడా పిల్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటుంటే రూఢి అయింది. అయినా మూడు నెలలుగా నోరు కుట్టేసుకున్నాడు. తెలిస్తే సంఘం కుర్రాళ్ళు పిల్లని నలుగురిలోకీ ఈడుస్తారని భయం. చెప్పకపోతే ఐదో పేరు దానిదే అవుతుందని ఇంకో భయం. రెంటి మధ్యా నలిగి ఆ మనిషికి మెట్లెక్కే ఓపిక కూడా పోయింది.

శనివారం పొద్దున పాటల బృందం నడిపే జామీ గదిలోకి వచ్చింది. పెద్ద మగవాళ్ళని అక్కడ 'పు' అని పిలుస్తారు.

"పు లియానా, రేపు చర్చిలో పాడాల్సింది మీ మావీ. రెండు వారాలైంది మొహం చూపించి. ఏమైంది దానికి?"

"జలుబు."

"అంత జలుబైతే ఆ ముక్క మైకులో చెప్పండి మరి. నలుగురూ ప్రార్థన చేస్తారు. తల్లి లేని పిల్ల, ఆవిరి పట్టించే దిక్కన్నా లేదు."

కాదనడానికి సాకు దొరకలేదు. మూడు నెలల నిద్రలేమితో బుర్ర పనిచెయ్యడం లేదు. నీళ్ళ వరస చదివి, అదే ఊపులో అన్నాడు: "మావీ, వయసు పదహారు. జలుబు చేసింది."

బూర మాత్రం ఇలా అంది: "మావీ, వయసు పదహారు. సూదికి అలవాటు పడింది. మూడు నెలలుగా నాకు తెలుసు. ఇక నా వల్ల కావడం లేదు."

జామీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లియానా మైకు కట్టేసి ఇంటికి పరిగెత్తాడు.

ఆ ముసలి మోకాళ్ళతో మెట్లు దిగేసరికి కుర్రకారు వాకిట్లో ఉన్నారు. పన్నెండు మంది, భుజాన పారలతో. పేరూ వయసూ చెవిన పడగానే లేచారు, మిగతాది దారిలో విన్నారు. లియానా వాళ్ళని తోసుకుని వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దాన్నేమీ అనకండిరా. కొట్టాలంటే నన్ను కొట్టండి."

వెనక మావీ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. ముందున్న కుర్రాడు ముఆనా ఆ పిల్లని చూశాడు. పోయిన కిమీ వాడి చెల్లెలే. పారని మెల్లిగా గోడకి చేరేశాడు.

"మేం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాం, పు. ఇవాళే తొందరగా వచ్చాం. టీ పెట్టండి."

చావింట్లో తోడు కూర్చునే ఆనవాయితీ ప్రకారమే కూర్చున్నారు, పేటలోని ఆడా మగా వంతులేసుకుని. పాటలు పాడారు. మావీ వాంతి చేసుకుంటే బకెట్టు పట్టారు. నోటికొచ్చినట్టు తిడితే పడ్డారు. నాలుగో రోజు ఆసుపత్రికి జీపు వచ్చింది.

ఎక్కబోతూ మావీ తండ్రి వైపు తిరిగింది.

"జలుబని చెప్పడానికి నా వయసెందుకు చెప్పావు నాన్నా?"

లియానా గోడకి చేరేసి ఉన్న పారల వైపు చూశాడు.

"అలవాటమ్మా," అన్నాడు.