కోపమొస్తే చాయ్

ఉతికి ఆరేసిన జెర్సీలు మడతపెట్టి సంచిలో సర్దుతోంది రెబెక్క. చేతులు పనిలో ఉన్నాయి గానీ చెవులు మాత్రం స్నానాల గది తలుపు మీదే ఉన్నాయి. మొగుడు ఇమ్మానుయేలు బయటికి రాగానే అడగాలి. అడిగింది కూడా. "ఇయ్యాల మీటింగుల నా పేరే చెప్తవ్ గదా?" తల తుడుచుకుంటూ, "సరే అన్న గదనే, ఎన్నిసార్లు అడుగుతవ్," అన్నాడతను. ఆ మాట విన్నాక కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు.

తాండూరులో హుషార్ క్రికెట్ క్లబ్బు అంటే తెలియనివాళ్లు తక్కువ. సిమెంటు ఫ్యాక్టరీలో, బండల పాలిషింగ్ యూనిట్లలో, దుకాణాల్లో వారమంతా నలిగినవాళ్లు ఆదివారం బ్యాటు పట్టుకునే చోటు అది. గెలిచామా ఓడామా అన్నది కాదు, నవ్వుతూ ఆడామా అన్నదే లెక్క. మైదానంలో ఎవరికి కోపమొస్తే వాళ్లు రెండు జట్లకూ చాయ్ పొయ్యాలి. అధ్యక్షుడు ఇమ్మానుయేలు పెట్టిన నియమం అది. ఎంత ముచ్చటైన నియమమో! క్యాచ్ వదిలేశారని ఒకడు టోపీ విసిరితే చాయ్, ఎల్బీ ఇచ్చారని ఇంకొకడు బూతు తీస్తే చాయ్. కోపం వాళ్లది, పొయ్యి ముందు మాత్రం రెబెక్క. ఆరేళ్లలో ఒక్కడు గిన్నె ముట్టుకున్న పాపాన పోలేదు. "వదిన చాయ్ కోసమే కోపం దెచ్చుకుంటున్నం," అని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఎట్లా, నవ్వుల క్లబ్బు కదా.

చాయ్ ఒక్కటే అయితే పోనీలే అనుకునేది. ఎదుటి జట్లకు ఫోన్లు చేసేది ఆమె. నవాబుపేట వాళ్లు రాలేమంటే బంట్వారం వాళ్లను బతిమాలేది ఆమె. మైదానం, అంపైరు, వాన పడితే ఇంకో తేదీ, అన్నీ ఆమే కుదర్చాలి. కార్యదర్శి అన్న పేరు మాత్రం ఇన్నాళ్లూ నవీన్‌కుమార్‌ది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు. అతనికి బదిలీ అయిందని తెలిసిన పూట, వంకాయలు తరుగుతూ ఆమె మొదటిసారి నోరు తెరిచి ఆ పదవి తనకిమ్మని అడిగింది. "మగోళ్ల ఆటల ఆడోళ్ల పెత్తనమేంది, నలుగురు నవ్వుతరు," అంది అత్త భీమమ్మ. ఇమ్మానుయేలు మాత్రం సరే అన్నాడు. అదేం పెద్ద పదవి కాదని రెబెక్కకూ తెలుసు. చేసిన పని మీద తన పేరు ఉండాలంది, అంతే. ఆ ఒక్క సరేను నెల రోజులుగా గుండెల్లో పెట్టుకుని తిరుగుతోంది.

ఆ ఆదివారం చర్చిలో పొద్దుటి ఆరాధన అయ్యాక, మొగుడూ పెళ్లాలు జట్టుతో కలిసి రైలెక్కి వికారాబాద్ చేరారు. స్కోరు రాస్తున్న ఆమె దగ్గరికి అక్కడి జట్టు కెప్టెన్ వచ్చి, "మేడం, ఫోన్ల ఎప్పుడు మీరే మాట్లాడ్తరు. కార్యదర్శి మీరేనా?" అని అడిగాడు. "ఇంక గాలే. సాయంత్రం అయిత," అంది. అనేశాక భయమేసింది. అంతలో ఇమ్మానుయేలు రనౌటయ్యాడు. గ్లవ్స్ నేలకేసి కొట్టి, అవతలి వికెట్ దగ్గరున్న హరీష్‌ను నానా మాటలన్నాడు. "చాయ్! చాయ్!" అని అందరూ అరిచారు. రెబెక్క పెన్ను పక్కన పెట్టి చిన్న గ్యాస్ పొయ్యి వెలిగించింది.

ఆట అయిపోయాక క్లబ్బు మీటింగుకు అక్కడే గుండ్రంగా కుర్చీలేశారు. ఆమె చాయ్ గ్లాసులు అందిస్తుండగా ఇమ్మానుయేలు లేచాడు. "మన కొత్త కార్యదర్శి హరీష్," అన్నాడు. హరీష్ క్లబ్బులో చేరి మూడు నెలలు కూడా కాలేదు. "వదిన గాదా అన్నా?" అన్నారెవరో. ఇమ్మానుయేలు నవ్వాడు. "మీ వదినకు పదవి గూడ ఇస్తే మనల్ని బతకనిస్తదా? హరీష్ పేరుకే. పనంతా ఎట్లైన మీ వదిననే చూసుకుంటది." అందరూ గొల్లున నవ్వారు.

రెబెక్కకు ఒళ్లు మండిపోయింది. చేతిలోని పళ్లెం కింద పెట్టింది. "నువ్వు నాతోని చెప్పింది గిది గాదు," అంది.

జట్టులో పెద్దవాడైన శివయ్య చిటికేశాడు. "చెల్లెకు కోపమొచ్చింది. నియమం నియమమే, ఇంకోసారి చాయ్."

"వచ్చింది అన్నా, మస్తు వచ్చింది. ఆరేండ్ల సంది మీ అందరి కోపాలకు నేనే చాయ్ పెట్టిన. నాకూ కోపమొస్తదని ఒక్కలకన్న తట్టిందా?"

నవ్వులు ఆగిపోయాయి. ఇమ్మానుయేలు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "రెబెక్కా, జర నవ్వు. అందరు చూస్తున్నరు. ఇంటికి వోయినంక మాట్లాడుదాం."

ఇంటికి వెళ్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అత్త ఒక మాటంటుంది, అతను ఇంకోసారి సరే అంటాడు, వచ్చే ఆదివారానికి జెర్సీలు నానబెట్టుకోవాలి.

"ఇంట్ల అడిగిన. ఇంట్ల సరే అన్నవ్. వీళ్ల ముందట మాట తప్పినవ్. వీళ్ల ముందటనే చెప్పు. గీ ఆరేండ్లు గీ క్లబ్బును ఎవరు నడిపిన్రు?"

అతను శివయ్య వైపు చూశాడు. శివయ్య తల దించుకున్నాడు.

"తాండూరు రైలుకు ఇంక గంటన్నర ఉంది," అంటూ రెబెక్క ఒక కుర్చీ లాక్కుని మొగుడి ఎదురుగా కూర్చుంది.